చిన్న స్టేషను మూతపడిన చరిత్ర



తలుపుల అను గ్రామనామము వినినంతనే ఇంటివాకిటి తలుపులు స్ఫురించుట సహజము. గ్రామమునకును లోకమునకును నడుమ కూడ తలుపులు కొన్ని కలవు. పాఠశాల యొక తలుపు. తపాలా కచ్చేరి యొక తలుపు. ఇరువదియైదు సంవత్సరముల పండుగ జరుపుకొనుచున్న గ్రంథాలయము మరియొక తలుపు. రైలుస్టేషను కూడ నట్టిదే. తలుపులకు సొంత స్టేషను లేదు. కదిరినుండి పులివెందులకు పోవు దారిలోనున్న యీ గ్రామమునకు కదిరి స్టేషనే రైలుతలుపు. కనుక ధర్మవరమునుండి కదిరి మీదుగా పాకాలకు పోయిన మీటరుగేజి దారి చరిత్రయు, అట్టి దారుల ప్రక్క వెలసి, వెలిగి, మూతపడిన చిన్న స్టేషనుల చరిత్రయు ఈ సభకు పరాయి విషయములు కావు.

ఈ సీమకు రైలు వేడుకకై రాలేదు. కరువు వెంట వచ్చినది. 1876–78 సంవత్సరములలో చెన్నరాజధానిని కాల్చివేసిన క్షామమును రాయలసీమ వారు ధాత కరువని పిలిచిరి. లక్షలకొలది ప్రజలు ఆకలిచేతను, ఆకలి వెంట వచ్చిన రోగములచేతను మరణించిరి. అప్పటికి ఈ ప్రాంతమునకు రైలు బొత్తిగా లేకపోలేదు. చెన్నపట్టణమునుండి కడప, తాడిపత్రి, గుత్తుల మీదుగా రాయచూరు చేరు పెద్దదారి 1871 నాటికే పూర్తియైయుండెను. బంగాళమునుండియు బర్మానుండియు ఓడలలో వచ్చిన బియ్యము చెన్నపట్టణపు రేవున దిగి, ఆ దారివెంట స్టేషనులకు చేరెను. చేరినదిగాని అచ్చటినుండి లోపలి గ్రామములకు పోవలేకపోయెను. కారణము స్పష్టము. బండి లాగవలసిన యెద్దులు మేత లేక, నీరు లేక ముందే చచ్చిపోయినవి. స్టేషనులో బస్తాలు, నలువది మైళ్ళ దూరమున ఆకలిచావులు! రైలుదారికిని గ్రామమునకును గల దూరము ప్రాణమునకును మరణమునకును గల దూరమైనది.

సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షుడుగా నేర్పడిన క్షామవిచారణ సంఘము 1880లో తన నివేదికను సమర్పించెను. క్షామపీడిత ప్రాంతములకు చెరువులు, కాలువలతోపాటు రైలుదారులు కూడ అవసరమని ఆ సంఘము నిర్ణయించెను. ఆ తరువాత దక్కనులోను, రాయలసీమలోను కరువు రక్షణకని వేసిన దారులు కొన్ని కలవు. గుంతకల్లునుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు పోవు దారియు, ధర్మవరమునుండి ముదిగుబ్బ, కదిరి, తనకల్లు, ములకలచెరువు, మదనపల్లి రోడ్డు, వాయల్పాడు, పీలేరుల మీదుగా పాకాల చేరు దారియు 1890 దశకపు తొలి యేండ్లలో ప్రయాణికులకు తెరువబడినవి. ఆనాటికి కదిరి తాలూకా కడప జిల్లాలో నుండెను. అది అనంతపురము జిల్లాలో చేరినది 1910లో. తలుపుల మండలము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది 2022లో. జిల్లాలు మారినను పట్టాలు మాత్రము చోటు మారలేదు.

అయినను ఒక సత్యమును మరువరాదు. రైలు ఉన్నంతమాత్రమున కరువు తీరదు. చేత కాసు లేనివానికి బస్తా ఎదుట నున్నను కడుపు నిండదు. ధాన్యమును తెచ్చు బండియే ధర యెక్కువ పలుకు చోటికి ధాన్యమును కొనిపోగలదు. ఈ రెండువైపుల సంగతిని తెలిసినవారే రైలు చేసిన మేలును సరిగా తూచగలరు.

మీటరుగేజి యన నేమో నేటి బాలురకు తెలియదు. రెండు పట్టాల నడుమ నుండు వెడల్పును గేజి యందురు. దేశములో మొదట వేసిన పెద్దదారులకు అది 5 అడుగుల 6 అంగుళములు. 1870 ప్రాంతమున మేయో ప్రభువు గవర్నరు జనరలుగా నున్నప్పుడు, ఖర్చు తగ్గించుటకై ఒక మీటరు వెడల్పుగల చిన్నదారులను వేయుటకు నిశ్చయించిరి. దారి యిరుకైనచో కట్ట చిన్నది, వంతెన చిన్నది, ఇంజను తేలిక, పెట్టె చిన్నది. బీదసీమకు తక్కువ ఖర్చుతో దారి దొరకినది. ఆ పొదుపులోనే తరువాతి కష్టమునకు బీజము కూడ పడినది. గేజి మారిన చోట ఒక బండిలోని సరకంతయు దించి మరియొక బండిలోని కెక్కింపవలెను. కూలి రెండుమార్లు, జాప్యము రెండుమార్లు, నష్టము రెండుమార్లు.

ధర్మవరములో రెండు కంపెనీల దారులు కలిసినవి. గుంతకల్లు–బెంగుళూరు దారి సదరన్ మరాఠా రైల్వే కంపెనీది. అది 1908లో మద్రాసు రైల్వేతో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే యైనది. పాకాల దారి తిరుచిరాపల్లి ముఖ్యస్థానముగాగల సౌత్ ఇండియన్ రైల్వేది. 1951 ఏప్రిల్ 14న ఈ రెండు సంస్థలును మైసూరు రైల్వేతో కలిసి దక్షిణ రైల్వేగా నేర్పడినవి. 1977లో గుంతకల్లు డివిజను దక్షిణమధ్య రైల్వేలో చేరినది. బోర్డుమీది పేర్లు ఇన్ని మార్లు మారినను, చిన్న స్టేషనులో దీపము వెలిగించు మనిషి పని ఏమాత్రము మారలేదు.

ఆ పనిని కొంచెము వివరించుట యుక్తము. పెద్ద జంక్షనును అందరును ఎరుగుదురు. చిన్న స్టేషను ఎట్లు నడిచెడిదో ఆ ఊరివారికే పూర్తిగా తెలియదు.

రాతిగోడల చిన్న కట్టడము. ముందు వసారా, లోపల టిక్కెట్ల గది, దాని ప్రక్క సామానుల గది. వేపచెట్టో, చింతచెట్టో ఒకటి. ఒక బావి. బండి రాకకు ముందు వ్రేలాడగట్టిన పట్టాముక్కమీద ఇనుపకడ్డీతో కొట్టిన గంట పొలములలోనివారికి కూడ వినబడెడిది. చేతిగడియారము లేని దినములలో ఆ గంటయే గ్రామమునకు కాలమానము. ఉదయపు బండి వచ్చుటకు ముందు కపిల తోలుట ముగియవలెను. సాయంకాలపు బండి పోయిన పిమ్మట పశువులు ఇల్లు చేరవలెను.

ఒంటిదారి మీద రెండుబండ్లు ఎదురుపడకుండ చూచుటయే స్టేషను మాస్టరు ముఖ్యధర్మము. ఇందుకు గోళపు టోకెను పద్ధతి యొకటి యుండెను. ఇరుగుపొరుగు స్టేషనులలోని రెండు యంత్రములు తీగతో కలుపబడియుండును. రెండుచోట్ల మాస్టరులును ఒప్పుకొన్నగాని యంత్రమునుండి లోహపుగోళము వెలికి రాదు. ఒక గోళము వెలువడినచో అది మరల ఏదో యొక యంత్రములో పడువరకు రెండవది రాదు. ఆ గోళమును తోలుసంచిలోనుంచి, సంచిని పెద్ద వలయమునకు కట్టి, వచ్చుచున్న ఇంజను ప్రక్క పాయింట్స్‌మన్ ఎత్తి పట్టుకొనును. డ్రైవరు తన పాత వలయమును జారవిడిచి, క్రొత్త వలయమును చేతితో అందుకొనును. ఆ గోళము తన చేతిలో లేనిదే బండి ముందునకు కదలరాదు. ఇంత చిన్న వస్తువుమీద వందలమంది ప్రాణములు నిలిచియుండెను. చీకటిలోను, వానలోను, నిద్రమత్తులోను ఆ వలయమును తప్పక అందించిన చేతుల పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు.

సంధ్యవేళ సిగ్నలు స్తంభముల నెక్కి కిరసనాయిలు దీపములు పెట్టుట ఒకని పని. పట్టాల వెంట నడచి వదులైన చీలలను సుత్తితో బిగించుట గ్యాంగుమనుషుల పని. వేసవిలో పట్టా సాగునని, శీతకాలములో కుదించుకొనునని వారు పుస్తకములు చదివి నేర్చుకొనలేదు, అరికాళ్ళతో నేర్చుకొనిరి. ఆవిరి యింజనుకు బొగ్గుకంటె నీరు ముఖ్యము. నీరు కరవైన యీ సీమలో ఇంజనుకు నీరందించు బావి యెండినచో బండ్ల రాకపోకలకే చిక్కు. స్వాతంత్ర్యానంతరము వై.పి., వై.జి. తరగతుల ఇంజనులు మీటరుగేజి దారులలో పేరొందినవి. దేశములో తయారైన చివరి ఆవిరి ఇంజను కూడ మీటరుగేజిదే. 1972లో చిత్తరంజన్ కర్మాగారమునుండి వెలువడిన వై.జి. తరగతిది.

టిక్కెట్టు సంగతియు చెప్పదగినది. అట్టతో చేసిన ఆ చిన్న చీటీని పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అను స్టేషను ఉద్యోగి కల్పించెను. ప్రతి చీటీకిని వరుససంఖ్య. మరలో పెట్టి నొక్కినంత తేదీ పడును. సాయంకాలము లెక్క చూచునప్పుడు చివరి సంఖ్యలోనుండి మొదటి సంఖ్య తీసివేసిన ఆనాడు ఎందరు ప్రయాణము చేసిరో తేలును. మూడవ తరగతి యను పేరు 1974లో తొలగింపబడెను. ఆ తరగతి పెట్టెలలో ప్రయాణము చేసినవారే చిన్న స్టేషనులను బ్రతికించినవారు.

ఆ దారిలో వచ్చినదేమి? పోయినదేమి? పోయినవానిలో వేరుసెనగ ముఖ్యమైనది. కదిరి ఎఱ్ఱనేలలకు వేరుసెనగ ఎంత ఇష్టమైన పంటయో వేరుగ చెప్పనక్కరలేదు. కదిరి పరిశోధనాక్షేత్రమునుండి వెలువడిన వంగడములు ఊరి పేరుతోనే దేశమంతటను సాగైనవి. చింతపండు, తోళ్ళు, ధర్మవరపు పట్టు మొదలగునవి కూడ దూరపు సంతలకు పోవుటకు రైలే సాధనము. వచ్చినవానిలో బియ్యము, ఉప్పు, కిరసనాయిలు, మందులు, గుడ్డలు. ఉత్తరములసంచి వచ్చినది. చెన్నపట్టణమునుండి పత్రిక వచ్చినది. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికయైన తరువాత, ఒకనాటి వార్త మరునాడో, ఆ మరునాడో పల్లెలో చదువబడుటకు కారణము రైలుతపాలాయే. అదే 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపింపబడెను. తరువాత కోస్తా జిల్లాలలో కాలువలమీద పడవ గ్రంథాలయము కూడ నడచినది. కాలువలు లేని యీ మెట్టసీమలో పుస్తకపు మూటను మోసినది పొగబండియే.

మనుష్యుల సంగతి. పాకాల చేరినచో తిరుపతికి దారి. కాట్పాడి మీదుగా విల్లుపురము వైపు పోయినచో రాయవేలూరు ఆసుపత్రికిని, తిరువణ్ణామలై కొండకును దారి. మొక్కులున్నవారును, రోగులున్నవారును ఒకే పెట్టెలో కూర్చుండిరి. ఫాల్గుణమాసమున కదిరి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవమునకు వచ్చు జనమునకు ఎడ్లబండ్లతోపాటు రైలుబండియు సాధనమయ్యెను. కటారుపల్లిలోని వేమన సమాధిని చూడవచ్చు దూరప్రాంతముల వారికి కదిరియే దిగుచోటు. కరువు ముదిరిన యేడు బెంగుళూరుకు కూలికి పోయిన కుటుంబముల మూటలు కూడ ప్లాట్‌ఫారములమీదనే కట్టబడినవి. తీర్థయాత్ర ప్లాట్‌ఫారము, వలస ప్లాట్‌ఫారము అని వేరువేరుగా లేవు.

చిన్న ఉద్యోగుల గౌరవమునకు ఈ ప్రాంతపు చరిత్రలో నిలిచిన నిదర్శన మొకటి కలదు. 1893 అక్టోబరు 4న గుంతకల్లు దగ్గర హంపన్న అను రైల్వే గేటు కావలివాడు, ఆంగ్ల సైనికుల బారినుండి తప్పించుకొని వచ్చిన స్త్రీలకు తన గేటుగదిలో ఆశ్రయమిచ్చెను. తలుపు తీయుమని బెదరించినను తీయలేదు. సైనికుని తుపాకిగుండునకు ప్రాణమర్పించెను. గుత్తి కేశవపిళ్ళె ఈ ఘోరమును పత్రికాముఖమున లోకమునకు తెలిపెను. నిందితుడు న్యాయస్థానమున విడుదలయైనను ప్రజలు హంపన్నను మరువలేదు. అతనికి స్మారకము నిలిపిరి. అతని జీతమెంతయో నేడెవరికిని గుర్తులేదు. అతడు మూసియుంచిన తలుపు మాత్రము గుర్తున్నది.

ఇట్టి దారులు, ఇట్టి స్టేషనులు ఎందుకు మూతపడినవి? కారణములు నాలుగు.

మొదటిది బస్సు. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థ యేర్పడినది. బస్సు ఊరి రావిచెట్టు దగ్గరకే వచ్చును. స్టేషను ఊరికి దూరముననుండును. మదనపల్లి రోడ్డు స్టేషను మదనపల్లి పట్టణమునకు మైళ్ళ దూరమున నుండుటయే ఇందుకు తార్కాణము. పేరులోని ‘రోడ్డు’ అను మాటయే ఇంకను కొంతదూరము పోవలెనని చెప్పుచున్నది.

రెండవది గేజి. చుట్టుప్రక్కల దారులు ఒకటొకటిగా వెడల్పగుచుండగా చిన్నదారి మిగిలిన లోకమునుండి వేరుపడినది. 1992లో దేశమంతట ఒకే గేజి యుండవలెనను సంకల్పముతో గేజిమార్పిడి ఉద్యమముగా సాగినది. ధర్మవరము–పాకాల దారి, సుమారు 227 కిలోమీటర్లు, భాగములు భాగములుగా మార్చబడి 2010 ప్రాంతమున పూర్తిగా పెద్దదారి యైనది. మీటరుగేజి బండి శాశ్వతముగా నిలిచిపోయెను.

మూడవది యంత్రము. టోకెను చేతితో అందించు పని విద్యుత్తీగలకు సంక్రమించినది. బండ్లు దాటుటకు ప్రతి కొన్ని మైళ్ళకు ఒక స్టేషను అవసరము లేకపోయెను.

నాలుగవది లెక్క. స్టేషను ఒక్కదినమున మూతపడదు. మొదట సరకుల బుకింగు ఎత్తివేయుదురు. పిమ్మట మాస్టరును తీసివేసి హాల్టుగా మార్చుదురు. కమీషనుమీద ఒకడు టిక్కెట్లమ్మును. తరువాత ఒక బండి ఆగుట మానును, ఆ తరువాత రెండవది. కడపట కాలపట్టికలోనుండి పేరు జారిపోవును. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశములోని ప్రయాణికుల బండ్లన్నియు నిలిచినవి. తిరిగి నడచినప్పుడు అనేక చిన్న స్టేషనులలో పూర్వపు ఆగుదలలు తిరిగి రాలేదు.

ఇది ఈ సీమకే కలిగిన అవస్థ కాదు. ఇంగ్లండులో 1963లో బీచింగు అను అధికారి తన నివేదికలో 2,363 స్టేషనులను మూయవలెనని సూచించెను. రైలును కనుగొనిన దేశమే తన పల్లెల స్టేషనులను లెక్కలతో తూచినది. అచ్చట కొన్ని గ్రామములవారు పోరాడి స్టేషనులను నిలుపుకొనిరి. మూతపడిన కొన్ని దారులను స్వచ్ఛందముగా పూని మరల నడిపించిరి.

తెలుగునాట కాకినాడ–కోటిపల్లి దారి చరిత్ర మరింత గుణపాఠము. 45 కిలోమీటర్ల ఆ దారి 1928లో తెరువబడినది. రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గోదావరి ఒడ్డునగల కోటిపల్లి చేరినది. రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధావసరములకని 1940లో పట్టాలను పెరికి కొనిపోయిరి. పండ్రెండేండ్లలోనే దారి పుట్టి చచ్చినది. కాని ఆ ప్రాంతపు ప్రజలు దానిని మరువలేదు. లోకసభాధ్యక్షుడు బాలయోగి కాలమున పునర్నిర్మాణమునకు పూనిక కలిగినది. 2004లో, అనగా అరువది నాలుగేండ్లకు, ఆ దారిలో మరల బండి నడచినది. తాతలు చూచిన రైలును మనుమలు చూచిరి. జ్ఞాపకము చచ్చిన దారి మరల పుట్టదు. జ్ఞాపకము మిగిలిన దారికి ఎన్నడైన ఆశ కలదు.

ఇంతకును పెద్దదారి రాక నష్టమా, లాభమా? న్యాయముగా చెప్పినచో లాభమే యెక్కువ. సరకు దింపి యెక్కించు బాధ తప్పినది. వేగము పెరిగినది. కదిరినుండి దూరపు పట్టణములకు పోవు బండ్లకు ఆటంకము తొలగినది. పాతదానిని తలచి కంటనీరు పెట్టుకొనుటవలన ప్రయోజనము లేదు. అయితే వేగముగా పోవు బండి తక్కువ చోట్ల ఆగును. పట్టణములు దగ్గరైనకొలది నడుమనున్న పల్లెలు దూరమగుచున్నవి. ధాత కరువునాడు స్టేషనుకును గ్రామమునకును గల దూరమే ప్రశ్న. నేటికిని ప్రశ్న అదియే. ప్రాణాపాయము లేదు గనుక గట్టిగా వినబడుటలేదు.

ఈ సందర్భమున గ్రామ గ్రంథాలయము చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది స్మృతిరక్షణ. పాత అట్ట టిక్కెట్లు, కాలపట్టికలు, సరకు రశీదులు, ఛాయాచిత్రములు ఇంటింటి పెట్టెలలో చెదలపాలగుచున్నవి. గ్యాంగుపని చేసినవారు, మూటలు మోసినవారు, కదిరి స్టేషనుకు వేరుసెనగ బస్తాలు తోలిన బండివారు ఇంకను కొందరు జీవించియున్నారు. వారు చెప్పునది వ్రాసి ఉంచుటకు ఒక నోటుపుస్తకము, ఒక కలము చాలును. రైల్వే కచ్చేరీలలో లభించునది పట్టాల చరిత్ర. మనుష్యుల చరిత్ర పల్లెలలోనే లభించును.

రెండవది ఇంతకంటె ముఖ్యము. స్టేషను భవిష్యత్తు టిక్కెట్ల సంఖ్యచే నిర్ణయింపబడును. టిక్కెట్టు కొనక బండి యెక్కువాడు ప్రభుత్వమును మోసగించితినని సంతోషించును గాని, తన స్టేషను తలుపు తానే మూయుచున్నాడని యెరుగడు. వందమంది ఎక్కినచోట పదిమంది టిక్కెట్లు కొన్నచో, లెక్కలో ఆ గ్రామమున పదిమందియే ఉన్నట్లు. తరువాత విన్నపములు వ్రాసినను, లెక్కపుస్తకము విన్నపమును ఓడించును.

గ్రంథాలయమునకును ఈ సూత్రమే వర్తించును. పుస్తకము తీసికొనిపోయి చిట్టాలో సంతకము చేయని పాఠకుడు లెక్కకు రాడు. చందా చెల్లింపని సభ్యుడు జాబితాలో మాత్రమే సభ్యుడు. చిట్టాలో నామములు తగ్గినకొలది పత్రికలు తగ్గును. పత్రికలు తగ్గినకొలది వచ్చువారు తగ్గుదురు. కడపట ఒకనాడు తాళము పడును. దీపము, గంట, సరకులు, మాస్టరు, పేరు – ఈ క్రమముననే చిన్న స్టేషను పోయినది. గ్రంథాలయము పోవుటకును వేరు క్రమము లేదు.

ఇరువదియైదేండ్లు తలుపు తెరచి యుంచుట సామాన్యకార్యము కాదు. ఆ తలుపును దాటి వచ్చి కూర్చుండి చదివినవారి వలననే అది తెరచియున్నది. రాబోవు ఇరువదియైదేండ్లును అట్లే ఉండుగాక!